గడ్డకి నొప్పి లేదా? అయితే ఇంకా త్వరగా చూపించండి

“నొప్పేం లేదు కదా, చూద్దాంలే.” రొమ్ములో గడ్డ చేతికి తగిలిన ఆడవాళ్లలో చాలామంది అనే మాట ఇదే, ఇంట్లోవాళ్లు కూడా దానికి తలూపేస్తారు. అమ్మాయికి పెళ్లి కుదిరిందనో, పిల్లాడి ఇంటర్ పరీక్షలనో, మిర్చి సీజన్‌లో తొడిమలు తీసే పనికి ఒక్కరోజు మానినా కూలి పోతుందనో నెలలకి నెలలు గడిచిపోతాయి. అసలు సంగతేంటంటే రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలావరకు నొప్పి పెట్టదు. నెలసరికి ముందు రెండు వైపులా బరువుగా, సలుపుగా ఉండి తర్వాత తగ్గిపోయేది ఎక్కువగా హార్మోన్ల వల్ల వచ్చే మామూలు నొప్పి. దానికేమో కంగారుపడి డాక్టర్ దగ్గరికి పరిగెడతాం, చప్పుడు చేయని గడ్డని మాత్రం వదిలేస్తాం. అలాగని నొప్పి ఉంటే క్యాన్సర్ కానే కాదని ధీమా కూడా వద్దు, కొత్తగా వచ్చిన గడ్డ ఏదైనా చూపించుకోవాల్సిందే.

మన దేశంలో ఆడవాళ్లకి వచ్చే క్యాన్సర్లలో ఇదే ఎక్కువ. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదే సుమారు 1,92,000 మందికి కొత్తగా బయటపడింది, 98,000 మంది దాకా చనిపోయారు. అమెరికా లెక్కలు చూస్తే, రొమ్ము దాటి పాకకముందే పట్టుకున్నవాళ్లలో నూటికి 99 మంది 5 ఏళ్ల తర్వాత కూడా ఈ జబ్బుకి బలికాకుండా ఉంటున్నారు, ఎముకలకో ఊపిరితిత్తులకో పాకాక తెలిసినవాళ్లలో ఆ సంఖ్య 30 చిల్లర. కాబట్టి ఇంట్లో ఏం చేయాలి, ఎవరికి చూపించాలి, అక్కడ ఏం అడగాలి అన్నది వరసగా చెప్తాను, విజయవాడ, గుంటూరు వాళ్లని దృష్టిలో పెట్టుకునే చెప్తాను.

మొదటి పని: మీ ఒంటి తీరు మీకు తెలియాలి

నెలకో రోజు పెట్టుకోండి. నెలసరి వచ్చేవాళ్లయితే మొదటి రోజు నుంచి లెక్కపెట్టి 7 నుంచి 10 రోజుల మధ్యలో, అప్పుడు వాపు, నొప్పి తక్కువగా ఉంటాయి. ముట్లు ఆగిపోయినవాళ్లకి ఏ రోజైనా ఒకటే, కాకపోతే మర్చిపోకుండా ఉండటానికి డ్వాక్రా కంతు కట్టే రోజునో కరెంటు బిల్లు వచ్చే రోజునో గుర్తు పెట్టుకుంటే సరి. గర్భసంచి తీయించుకున్నవాళ్లు మన రెండు జిల్లాల్లో ఎంతమందో మీకూ తెలుసు. “గర్భసంచే తీసేశారు, ఇంక ఆడవాళ్ల జబ్బులు మాకెందుకొస్తాయి” అనుకుంటారు వాళ్లలో కొందరు. రొమ్ము రొమ్ములాగే ఉంది కదమ్మా, మీరూ ఒక తేదీ పెట్టుకోవాల్సిందే.

తలుపు గడియ పెట్టుకుని, ట్యూబ్‌లైట్ కింద అద్దం ముందు నడుము పైన బట్టలు తీసి నిలబడండి. మొదట చేతులు పక్కకి వదిలేసి చూడండి, తర్వాత రెండు చేతులూ తల పైకెత్తి, ఆ తర్వాత నడుము మీద చేతులు గట్టిగా నొక్కి, చివరికి కాస్త ముందుకు వంగి. ఇన్ని భంగిమలు ఎందుకంటే, ఊరికే నిలబడినప్పుడు మామూలుగా కనిపించిన చర్మం చెయ్యి పైకెత్తగానే ఒకచోట లోపలికి లాక్కుపోవడం ఉంటుంది, అది లోపలేదో పట్టి ఉందనడానికి గుర్తు. ఒకటి పెద్దది ఒకటి చిన్నది ఉండటం చాలామందికి ఉండేదే, పుట్టుకతోనే చనుమొన లోపలికి ఉన్నవాళ్లూ ఉంటారు. వాటికి భయపడక్కర్లేదు. నిన్నమొన్నటిదాకా బాగున్న మొన ఇప్పుడు లోపలికి పోయిందా, ఒకవైపుకి తిరిగిందా, మొన మీద మానని పుండు, పొట్టు రాలే దురద లాంటివి వచ్చాయా, చర్మం ఎర్రబడి దళసరిగా, బత్తాయి తొక్క మీది గుంటల్లా అయిందా అన్నది చూసుకోవాలి. పిండకుండానే, ఒకే వైపు మొన నుంచి, నెత్తురు గానీ నీళ్లలాంటిది గానీ వచ్చి జాకెట్టుకి మరక పడితే ఆ వారమే డాక్టర్‌కి చూపించండి.

ఇప్పుడు పడుకోండి. కుడి రొమ్ము చూసుకునేటప్పుడు కుడి భుజం కింద చిన్న దిండు పెట్టి, కుడి చెయ్యి తల కిందకి మడిచి, ఎడమ చేత్తో చూడాలి. వేళ్ల కొనలతో పొడవకూడదు, పట్టుకుని పిసకకూడదు, పిసికితే మామూలు కొవ్వు కూడా గడ్డలాగే తగులుతుంది. మధ్య మూడు వేళ్ల మెత్తటి భాగం ఆనించి రూపాయి బిళ్లంత సున్నాలు చుడుతూ జరపండి, ఒక్కోచోట మూడుసార్లు: మొదట పైపైన, తర్వాత కొంచెం నొక్కి, తర్వాత పక్కటెముక తగిలేదాకా. చంక నుంచి మొదలుపెట్టి కిందికి, కింది నుంచి మళ్లీ పైకి, అలా నిలువు వరసల్లో గుండెల మధ్య ఎముకదాకా రావాలి. పైన కాలర్ ఎముక నుంచి కింద జాకెట్టు పట్టీ దాటేదాకా. చంక మాత్రం వదలొద్దు, గడ్డలు ఎక్కువగా వచ్చేది చంక వైపు పైభాగంలోనే, తొందరలో అందరూ వదిలేసేదీ అదే. రొమ్ము కింది అంచున గట్టిగా ఒక గట్టులాగా తగులుతుంది, అది అందరికీ ఉంటుంది, మొదటిసారి చూసుకున్నవాళ్లు దానికే హడలిపోతారు.

ఒకటి మాత్రం సూటిగా చెప్పాలి. ఇలా చూసుకోవడం వల్లనే ప్రాణాలు నిలబడతాయని ఎవరైనా అంటే పూర్తిగా నమ్మకండి. చైనాలోని షాంఘైలో బట్టల మిల్లుల్లో పనిచేసే సుమారు 2,66,000 మంది ఆడవాళ్ల మీద పెద్ద పరిశోధన చేశారు, ఫలితాలు 2002లో వచ్చాయి. చేత్తో చూసుకోవడం నేర్పినవాళ్లలోనూ నేర్పనివాళ్లలోనూ మరణాలు ఒకేలా ఉన్నాయి, కాకపోతే నేర్పినవాళ్లలో క్యాన్సర్ కాని గడ్డలకి ముక్క పరీక్షలు (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ) ఎక్కువయ్యాయి. అందుకే దీన్ని పరీక్షలా చేసి నిద్ర పాడుచేసుకోవద్దు. ఏది మామూలో తెలిసి ఉంటే ఏది కొత్తదో తెలుస్తుంది, దీనితో అయ్యే పని అంతవరకే. అసలు పరీక్షలు వేరే ఉన్నాయి.

రెండోది: తెలిసిన చేతికి చూపించడం

మీకు ఏ ఇబ్బందీ లేకపోయినా సరే, 30 దాటితే నర్సో డాక్టరో చేత్తో పరీక్ష చేయాలి. దేశమంతటా ప్రభుత్వ కార్యక్రమంలో 30 పైబడినవాళ్లకి 5 ఏళ్లకోసారి చేయాలని పెట్టారు, ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బీపీ, షుగర్‌తో పాటు దీని గురించీ అడుగుతారు. అప్పుడు మనవాళ్లు బీపీకి చెయ్యి చాపుతారు, షుగర్‌కి వేలు ఇస్తారు, ఇది అడగగానే “ఏం లేదమ్మా, బానే ఉంది” అని లోపలికెళ్లిపోతారు. దయచేసి అలా చేయకండి. ఇంట్లో మొహమాటంగా ఉంటే దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి వస్తానని చెప్పి వెళ్లండి.

చేత్తో చూస్తే ఏం తెలుస్తుందిలే అనుకోవద్దు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి, బస్తీల్లోని లక్షన్నర మంది ఆడవాళ్లని తీసుకుని, అందులో సగం మందికి శిక్షణ ఇచ్చిన కార్యకర్తల చేత రెండేళ్లకోసారి ఈ పరీక్ష చేయించారు. 20 ఏళ్ల తర్వాత లెక్క తీస్తే పరీక్ష చేసినవాళ్లలో జబ్బు ముందు దశల్లోనే దొరికింది, 50 దాటినవాళ్లలో ఈ క్యాన్సర్‌తో చనిపోవడం దాదాపు 30 శాతం తగ్గింది. ఖరీదైన మెషీన్ ఏమీ వాడలేదు అక్కడ.

మూడోది: మామోగ్రామ్

మామోగ్రామ్ అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రే. 40 దాటాక దీని గురించి డాక్టర్‌తో మాట్లాడండి. అమెరికాలో 2024లో ఇచ్చిన సిఫార్సు 40 నుంచి 74 ఏళ్ల దాకా రెండేళ్లకోసారి. మన దగ్గర చాలామంది డాక్టర్లు ఏడాదికోసారి అంటారు, మీ ఇంటి చరిత్రని బట్టి నిర్ణయించుకోండి. వయసు తక్కువవాళ్లలో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో అంతా తెల్లగా కనిపిస్తుంది, గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది కాబట్టి వాళ్లకి ముందు అల్ట్రాసౌండ్ స్కానింగ్ రాస్తారు. “ఆవిడకి మామోగ్రామ్ రాశారు, నాకు స్కానింగే రాశారేంటి” అని అనుమానపడక్కర్లేదు.

వెళ్లే రోజు చంకల్లో పౌడర్, స్ప్రే ఏదీ వద్దు. మన బెజవాడ ఎండల్లో చెమటకాయల పౌడర్ లేకుండా ఇల్లు కదలరు చాలామంది, కానీ దాని రేణువులు ఫోటోలో తెల్లటి చుక్కల్లా పడి లేనిపోని అనుమానం పుట్టిస్తాయి. చీరో, పైన విడిగా తీయడానికి వీలుండే డ్రెస్సో వేసుకోండి. మెషీన్ ముందు నిలబెట్టి, రొమ్ముని రెండు పలకల మధ్య కొన్ని సెకన్లు నొక్కుతారు, ఒక్కోవైపు రెండు చొప్పున నాలుగు ఫోటోలు. నొక్కినప్పుడు నొప్పి ఉంటుంది, లేదని అబద్ధం చెప్పను, అయితే పళ్లు బిగబట్టి ఊపిరి పీల్చేలోపు అయిపోతుంది. నెలసరి అయిన వారంలో వెళ్తే ఆ నొప్పి కూడా తక్కువ. రేడియేషన్ గురించి భయం వద్దు, ఊరికే భూమ్మీద బతుకుతున్నందుకు ఏడు వారాల్లో మన ఒంట్లోకి వచ్చేంతే దీనివల్ల వస్తుంది. గర్భం ఉందేమో అన్న అనుమానం ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

రిపోర్టు చివర్లో ‘బైరాడ్స్’ అని ఒక అంకె ఉంటుంది, అది చూడకుండా రిపోర్టు మడిచి బీరువాలో పెట్టకండి. 1, 2 అంటే కంగారు లేదు. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు కంటే తక్కువ, కాకపోతే 6 నెలలకి మళ్లీ తీయించాలి. 4, 5 అంటే ముక్క పరీక్ష చేయాల్సిందే, 5 అంటే దాదాపు అదేనని అర్థం. ఇక సున్నా ఉంటే చాలామంది “సున్నానే కదా, ఏం లేదన్నమాట” అని హాయిగా ఇంటికొచ్చేస్తారు. కాదు, సున్నా అంటే ఫోటోలు సరిపోలేదు, ఇంకో పరీక్ష చేసి తేల్చాలి అని.

క్యాంపుల్లో ఒంటి వేడిని కెమెరాతో చూసి చెప్పేస్తామంటారు, ల్యాబు ప్యాకేజీల్లో క్యాన్సర్ రక్తపరీక్ష అని పెడతారు. ఏ లక్షణం లేనివాళ్లలో రొమ్ము క్యాన్సర్‌ని ముందే పట్టుకోవడానికి ఇవేవీ మామోగ్రామ్‌కి బదులు కావు. ఆ డబ్బులు అసలు పరీక్షకి పెట్టుకోండి.

రాకుండా చేసుకోగలమా?

కొంతవరకే, పూర్తిగా తప్పించే మార్గం ఎవరి దగ్గరా లేదు. ఆడదిగా పుట్టడం, వయసు పెరగడం, ఈ రెండే అన్నిటికంటే పెద్ద కారణాలు, వాటిని మనమేం చేయలేం. చేయగలిగినవి: పిల్లలకి పాలివ్వడం, ఎంత ఎక్కువ కాలం ఇస్తే అంత రక్షణ. ముట్లు ఆగాక బరువు పెరగకుండా చూసుకోవడం, ఎందుకంటే ఆ వయసులో ఈస్ట్రోజన్ తయారయ్యేది ఎక్కువగా కొవ్వులోనే. వారానికి 150 నిమిషాల గట్టి నడక, విజయవాడలో ఇందిరాగాంధీ స్టేడియమో గుంటూరులో ఎన్టీఆర్ స్టేడియమో అక్కర్లేదు, మేడ మీద తిరిగినా చాలు. మందు తాగే అలవాటుంటే మానేయడం. ముట్లు ఆగాక హార్మోన్ మాత్రలు డాక్టర్ చూడకుండా ఏళ్ల తరబడి వాడకపోవడం. మన గుంటూరు కారానికీ దీనికీ ఏ సంబంధం లేదు, గొడ్డుకారం మానేసినంత మాత్రాన రొమ్ము క్యాన్సర్ ఆగదు. నల్ల బ్రా, బిగుతు బ్రా, ఎప్పుడో తగిలిన దెబ్బ, ఎవరిదో దిష్టి, ఇవన్నీ పుకార్లే.

కుటుంబంలో వస్తే సంగతి వేరు. వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే, అయినా అడిగి తెలుసుకోవాలి. అమ్మ, అక్కచెల్లెళ్ల వరకే అడిగి ఆగిపోతారు మనవాళ్లు, మేనత్తకి వచ్చినా లెక్కే, నాయనమ్మకి వచ్చినా లెక్కే, ఎందుకంటే ఆ జన్యువు నాన్న వైపు నుంచి కూడా వస్తుంది. అండాశయం క్యాన్సర్ ఎవరికైనా వచ్చిందా అన్నది కూడా అడగండి. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో తేడా ఉన్న ఆడవాళ్లకి 80 ఏళ్లలోపు నూటికి 70 మంది దాకా వచ్చే ప్రమాదం ఉంది. ఇలాంటి ఇళ్లల్లో 40 దాకా ఆగకుండా ముందే డాక్టర్‌ని కలిసి జన్యు పరీక్ష, ఎంఆర్‌ఐ అవసరమా అని అడగాలి. మగవాళ్లకి కూడా ఇది వస్తుంది, ఈ జబ్బు వచ్చిన ప్రతి వంద మందిలో సుమారు ఒకరు మగవాళ్లే. మావారు నవ్వారు ఈ మాటంటే, నవ్వనివ్వండి, ఆయన ఛాతీ మీద గడ్డ వస్తే మాత్రం చూపించండి.

ఏదో తగిలింది. ఇప్పుడేం చేయాలి?

మొదట ఊపిరి తీసుకోండి. చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ శాతం క్యాన్సర్ కాదు. పాతికేళ్లలోపు పిల్లల్లో వేలు పెడితే జారిపోయే గడ్డలు, నలభైల్లో నీటి తిత్తులు మామూలే. అయితే అది జారేదో తిత్తో తేల్చాల్సింది మీరో పక్కింటావిడో కాదు. పసుపు, సున్నం పట్టీ వేయడం, వేపాకు కట్టడం, ఆముదం రాసి రుద్దడం, ఆర్‌ఎంపీ దగ్గర వారం సూదులు, ఇవేవీ వద్దు. పాలిచ్చే తల్లులకి పాలగడ్డ కడుతుంది నిజమే, కానీ మందులు వాడినా రెండు వారాల్లో ఆ ఎరుపు, ఆ గట్టిదనం పోకపోతే స్కానింగ్ తీయమని మీరే అడగండి.

ఎవరికి చూపించాలి? సర్జన్‌కి, దొరికితే క్యాన్సర్ సర్జన్‌కి. విజయవాడలో ప్రభుత్వాసుపత్రి ఉంది, గుంటూరు పెద్దాసుపత్రి ఆవరణలో నాట్కో వాళ్లు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది, రెండూళ్ల మధ్య మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ప్రైవేటుకి వెళ్లేవాళ్లకి సూర్యారావుపేట, కొత్తపేట ఎలాగూ తెలిసినవే. లేడీ డాక్టర్ కావాలని అడగడం తప్పు కాదు, మగ డాక్టర్ చూసేటప్పుడు పక్కన నర్సు ఉండాలనడం మీ హక్కు.

వరస ఇలా ఉండాలి: డాక్టర్ చేత్తో చూడటం, తర్వాత మామోగ్రామో స్కానింగో, తర్వాత అనుమానముంటే లావు సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష. ఈ మూడూ అయ్యాకే ఆపరేషన్ మాట. మా బంధువుల్లో ఒకావిడకి ఒక నర్సింగ్ హోమ్‌లో “చిన్న గడ్డేనమ్మా” అని కోసి తీసేసి, దాన్ని పరీక్షకి కూడా పంపలేదు. ఏడాది తిరక్కుండా అదే చోట మళ్లీ వచ్చింది, మొదటిది ఏమిటో చెప్పడానికి ఏ కాగితమూ లేదు. అందుకే ముక్క పరీక్ష లేకుండా గడ్డ తీసేద్దామంటే లేచి వచ్చేయండి, తీసిన గడ్డని ల్యాబుకి పంపనంటే అసలే ఒప్పుకోవద్దు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, అందులో నిజం లేదు. ఆ ముక్క లేకపోతే ఏ మందు పనిచేస్తుందో కూడా తెలియదు, ఎందుకంటే ఆ క్యాన్సర్ హార్మోన్ల వల్ల పెరిగేదా, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువున్నదా అని చూసే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు దాని మీదే చేస్తారు, ఒకరికి రోజూ మాత్ర వేసుకుంటే సరిపోయేది, ఇంకొకరికి కీమో కావాల్సినది అందులోనే తేలుతుంది.

క్యాన్సర్ అని తేలితే రొమ్ము మొత్తం తీసేస్తారన్న భయంతోనే చాలామంది దాచిపెడతారు. అందరికీ తీయరు. గడ్డ చిన్నగా ఉంటే అంతవరకే తీసి తర్వాత కరెంటు (రేడియేషన్) పెడతారు. అమెరికాలోనూ ఇటలీలోనూ ఇలా చేసినవాళ్లని 20 ఏళ్లు గమనించి 2002లో చెప్పిందేమిటంటే, మొత్తం తీసినవాళ్లతో సమానంగా బతికారని. ఈ అవకాశం ఎక్కువగా ఉండేది ముందుగా వచ్చినవాళ్లకే.

డబ్బు గురించి: రేషన్ కార్డు, ఆధార్ వెంట పెట్టుకుని, ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్న ఆస్పత్రేనా అని 104కి ఫోన్ చేసి అడిగి వెళ్లండి. పాత పేరు ఆరోగ్యశ్రీ అంటే కౌంటర్‌లో అందరికీ అర్థమవుతుంది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఆ పథకం కింద ఉన్నాయి, అడ్వాన్సు కట్టేముందే ఆ డెస్క్ దగ్గరికి వెళ్లాలి, కట్టాక వెళ్తే గొడవ.

ఇక కాగితాలు. మామోగ్రామ్ ఫిల్ములు లేదా సీడీ, స్కానింగ్ రిపోర్టు, ముక్క పరీక్ష రిపోర్టు అన్నీ ఒకే ఫైల్‌లో పెట్టి, ఫోన్‌లో ఫోటోలు తీసి పిల్లలకి కూడా పంపండి. హైదరాబాద్‌కో విశాఖకో వెళ్లి రెండో అభిప్రాయం తీసుకోవాలనుకుంటే ఒట్టి రిపోర్టు సరిపోదు, ఇక్కడ ల్యాబులో ఆ ముక్కని మైనంలో పెట్టి దాచిన బ్లాకు, గాజు స్లైడ్లు ఉంటాయి, అర్జీ రాసి ఇస్తే ఇస్తారు. అవి లేకుండా వెళ్తే అక్కడ మళ్లీ మొదటి నుంచి సూది గుచ్చాల్సి రావచ్చు.